బాల్కనీలోంచి వచ్చిన గొట్టం

ఆ వానాకాలం మా ఇంట్లోకి ఒక ఇనప గొట్టం వచ్చింది. తలుపులోంచి రాలేదు, బాల్కనీలోంచి వచ్చింది. మా మెట్ల మలుపులు మరీ ఇరుకు. పొడుగాటి వస్తువేదీ ఆ మలుపుల్లో తిరగదు. మా మంచం కూడా ముక్కలుగా విప్పితేనే పైకొచ్చింది. అందుకని మామయ్య వీధిలో నిలబడి గొట్టానికి రెండు చోట్ల తాడు బిగించారు. మూడో అంతస్తు బాల్కనీలోంచి మా ఆయన లాగుతున్నారు.

"నెమ్మదిగా లాగరా! అదేమన్నా నీ బస్సు స్టీరింగా, ఇష్టమొచ్చినట్టు తిప్పడానికి!"

"వాన నాన్నా, తాడు జారుతోంది!"

"జారితే కిందున్నది నేనే, అది గుర్తుపెట్టుకుని లాగు!"

మా ఆయన సిటీ బస్సు నడుపుతారు. మామయ్యది పరంజాలు కట్టే పని. ఎంత పెద్ద మేడ లేస్తున్నా దాని చుట్టూ గొట్టాలతో పంజరంలా అల్లేసి, మేడ పూర్తయ్యాక విప్పుకొచ్చేస్తారు. వానలకి పనులాగిపోయి ఆయన ఇంటి పట్టునే ఉన్నారు. చేతులు ఊరుకోక అప్పటికే తలుపు గొళ్ళేలన్నీ విప్పి మళ్ళీ బిగించారు.

వీధిలో గొడుగులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కింది ఇంటి నర్సమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమైందండీ, స్లాబు గాని కుంగుతోందా?" అని అడిగింది.

"అబ్బే, మా కోడలు ఎక్కుతుందట!" అన్నారు మామయ్య, వీధి వీధంతా వినపడేలా.

నేను తలుపు చాటుకి వెళ్ళిపోయాను. గదిలో అత్తయ్య కుట్టు మిషను ముందు నుంచి కదల్లేదు. బడి పిల్లల యూనిఫాంలు కుడుతుంది ఆవిడ. గొట్టం బాల్కనీ అంచు దాటి లోపలికి తల పెట్టగానే మిషను చప్పుడు రెట్టింపయింది. అత్తయ్యకి కోపమొస్తే నోటితో చెప్పదు, కాలితో చెబుతుంది.

*

ఆ గొట్టం ఎందుకొచ్చిందో తెలియాలంటే మా మెట్ల సంగతి తెలియాలి.

వానలు మొదలైన కొత్తల్లో ఒక పొద్దున పాపని చంకనేసుకుని, ఇంకో చేత్తో చెత్త సంచీ పట్టుకుని దిగుతున్నాను. మా పాపని ఇంట్లో అందరం పిడుగు అంటాం. రెండో అంతస్తు మలుపులో మెట్టు తడిగా ఉంది. అయినా నా కాలు జారలేదు. అదే నాకు మింగుడుపడని సంగతి. కాలు నిలబడే ఉంది, చెయ్యే వదిలేసింది. ఉన్నట్టుండి అది నా చెయ్యి కానట్టు, గుడ్డపీలికలా అయిపోయింది. పాప నా ఒంటిమీంచి జారుకుంటూ వెళ్ళి మెట్టు మీద కూలబడింది. మోచెయ్యి కాస్త గీరుకుంది, అంతే. ఏడవను కూడా లేదు. ఆట అనుకుని, "అమ్మా, మళ్ళీ!" అంది.

ఆ రోజు నుంచి పాపనెత్తుకుని నేను గడప దాటలేదు. ఎత్తుకుందామని వంగేసరికి ఆ మలుపు కళ్ళముందుకొచ్చేది. ఈసారి రెయిలింగు వైపు జారితే? ఈసారి తల తగిలితే? ఎవరూ లేనప్పుడైతే? నాకు 'అయితే'లు తప్ప ఇంకేమీ తోచేవి కావు. పోనీ నడిపిద్దామంటే, పిడుగు నాలుగు మెట్లు దిగి, ఐదో మెట్టు మీద రెండు చేతులూ పైకి చాపి, "ఎత్తుకో" అనేది. అంతే. వెనక్కి తీసుకొచ్చేసేదాన్ని.

అలా మేమిద్దరం మూడో అంతస్తులోనే ఉండిపోయాం. వాన చూసేవాళ్ళం. బాల్కనీలోంచి కింద నీళ్ళలో గెంతే పిల్లల్ని చూసేవాళ్ళం. అది ఊచల్లోంచి చెయ్యి చాపి వాళ్ళని పిలిచేది.

వానలు తగ్గగానే బడి. పిడుగు పేరు అప్పటికే రాయించాం. మరి రోజూ దింపేదెవరు, ఎక్కించేదెవరు? మా ఆయన తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోతారు. పనులు మొదలైతే మామయ్యా అంతే. అత్తయ్య మోకాళ్ళు సరేసరి, ఆవిడ ఒక్క మెట్టు దిగడానికి గోడని నాలుగు మాటలంటుంది. ఇదంతా విని ఒకనాడు మా ఆడపడుచు వచ్చింది.

"మాది మెట్లు లేని ఇల్లేగా, బడికి ఎదురుగానే. బడి ఉన్న రోజులు పిల్ల నా దగ్గరుంటుంది, సెలవులకి ఇక్కడికొస్తుంది. ఏమంటావ్ మరదలా?"

"మంచిదే కదే," అంది అత్తయ్య, నేను నోరు తెరిచేలోగా. "కోడలికీ కాస్త స్థిమితంగా ఉంటుంది."

వదిన మంచిది. అత్తయ్య ఉద్దేశమూ మంచిదే. అందరూ ఎంత మంచిగా మాట్లాడారంటే, కాదనడానికి నాకు సందు దొరకలేదు. ఏమని కాదంటాను? నా పిల్లని నేనెత్తుకోగలనని గట్టిగా అనలేకపోయాను. తలూపాను. ఆ రోజంతా వంటింట్లో ఏ గిన్నె చేతిలోకి తీసుకున్నా జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను.

క్లినిక్కులో డాక్టరమ్మ నా చెయ్యి అటు తిప్పి ఇటు తిప్పి, "చేతికేమీ లేదమ్మా. బలం తగ్గింది, భయం పెరిగింది. ఏదైనా కసరత్తు చెయ్యి," అంది. ఏ కసరత్తో చెప్పలేదు. నా చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది కాబట్టి, ఏది తెలుసుకోవాలన్నా నాకు ఫోనే దిక్కు. ఒక మధ్యాహ్నం పాపని నిద్రపుచ్చి ఫోనులో వెతుకుతుంటే ఒకావిడ కనిపించింది. నాకంటే పెద్దదే. ఆవిడ ఇంట్లోనే, మంచం పక్కనే నేల నుంచి కప్పు దాకా ఒక గొట్టం ఉంది. దాన్ని పట్టుకుని ఆవిడ గిర్రున తిరుగుతూ డాన్సు చేస్తోంది. పైకి పాకింది. కప్పు దగ్గర ఒక చేత్తో ఆగి, రెండో చెయ్యి వదిలేసి, నవ్వింది.

ఎన్నిసార్లు చూశానో తెలియదు. ప్రతిసారీ ఆ రెండో చెయ్యి వదిలే చోట నా ఊపిరి ఆగేది.

*

"మామయ్యా, నాకో గొట్టం కావాలి."

మామయ్య టీ గ్లాసు కిందపెట్టి తలెత్తి స్లాబు వంక చూశారు. "ఎక్కడ కుంగింది?"

"కుంగలేదు. నేల నుంచి కప్పు దాకా ఉండాలి. నేనెక్కుతాను."

"ఎక్కి ఎక్కడికి పోతావమ్మా? పైన ఉన్నది కప్పేగా!"

"ఎక్కడికీ పోను. ఎక్కి దిగుతాను."

ఫోను చేతికిచ్చాను. ఆవిడ వేసుకున్న చిన్న నిక్కరూ, చేతుల్లేని బనీనూ చూసి ఏమంటారోనని ఆయన మొహమే చూస్తున్నాను. మామయ్య కళ్ళజోడు సర్దుకుని, వీడియో అయిపోయేదాకా చూసి, మళ్ళీ మొదటికి తిప్పి చూసి, ముక్కు చిట్లించారు.

"ఛ ఛ, ఇదేం పద్ధతి!"

నేను తల దించేసుకున్నాను.

"అడుగున ఆ బిళ్ళ చూడు, అరచెయ్యంత కూడా లేదు. మనిషి బరువంతా ఒక్కచోటే పడితే టైల్సు పగలవూ? పైన చెక్క లేదు, రబ్బరు లేదు. ఎవడు బిగించాడో గాని, వాణ్ణి నా పనిలో అయితే ఒక్క పూట ఉండనివ్వను."

"అదీ... ఆ అమ్మాయి తిరగడం చూశారా మామయ్యా?"

"ఏ అమ్మాయి?" అన్నారు మామయ్య.

అత్తయ్య మాత్రం అమ్మాయినే చూసింది. "కొలతలు ఎవరు తీశారో గాని, గుడ్డ బాగా మిగిల్చారు," అని ఫోను నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

మర్నాడు మామయ్య సుత్తితో కప్పంతా టకటకా కొట్టుకుంటూ తిరిగి, బీము వెళ్ళే చోటు పట్టుకున్నారు. అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టినా ఇంటాయన ఊరుకోడు. "మేకూ వద్దు, బెజ్జమూ వద్దు. పరంజా పడిపోకుండా నిలబడేది మేకులతోనా? బిగింపుతో," అన్నారు. ఆయన సామాను కొట్టులోంచి నున్నటి స్టీలు గొట్టం తెచ్చి, గది ఎత్తుకి కోయించారు. కిందో మందపాటి చెక్క, పైన బీముకి ఇంకో చెక్క, రెండింటికీ పాత టైరు రబ్బరు. గొట్టం కాలికి మరజాకీ. దాని చెవులు పట్టుకుని తిప్పుతుంటే గొట్టం అంగుళం అంగుళం పైకి జరిగి, బీముకి తగిలి, కిర్రుమని బిగుసుకుంది. దారానికి గుండు కట్టి నిలువు చూశారు. ఆఖరున ఆయనే రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని, గోడకి వేలాడే సంచీలా కాసేపు ఊగారు.

"కదల్లేదు," అని తృప్తిగా దిగి, అలవాటు చొప్పున గొట్టానికి తలెత్తున ఎర్రగుడ్డ కట్టారు.

"ఇదెందుకు మామయ్యా?"

"ఎవరైనా గుద్దుకుంటారమ్మా. సైటులో కట్టాలి కదా!"

గొట్టం లాగిపెట్టి డ్యూటీకి వెళ్ళొచ్చిన మా ఆయన చొక్కా విప్పకుండానే గొట్టం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన మొహంలో కాసేపు కనబడింది. అంతలో నా మొహం చూశారు.

"రోజూ చూసేదేలే. నా బస్సు నిండా గొట్టం పట్టుకుని వేలాడేవాళ్ళే," అన్నారు. "టిక్కెట్టు కొట్టించమంటావా?"

*

మొదటి రోజు నేను గొట్టాన్ని పట్టుకున్నాను. అంతే, ఇంకేమీ చెయ్యలేదు. పట్టుకుని నిలబడ్డాను. పిడుగు కూడా వచ్చి నా కింద గొట్టాన్ని పట్టుకుని నిలబడింది. బస్సు కోసం చూస్తున్న ఇద్దరు మనుషుల్లా ఉన్నాం.

తర్వాత ఫోనులో ఆవిడ చెప్పినట్టు చేతులు పైన వేసి, కాళ్ళు లేపి, వేలాడడం మొదలుపెట్టాను. కాళ్ళు ఇలా లేచేవి, అలా దిగేవి. పైజమా గుడ్డకి గొట్టం పట్టు దొరికేది కాదు, సర్రున జారిపోయేదాన్ని. కింద పాత పరుపు వేసుకున్నాను గనక బతికాను. అరచేతులు మండేవి. పొద్దున్నే దువ్వెన పట్టుకోవాలంటే చేతులు మొరాయించేవి. అయినా గొట్టం దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఎప్పుడు వంటపని అవుతుందా అని చూసేదాన్ని.

అత్తయ్య ఆ గొట్టాన్ని చూసీ చూడనట్టు, చుట్టూ తిరిగి నడిచేది. ఒక పొద్దున లేచి చూస్తే గొట్టం నుంచి కిటికీ దాకా తాడు కట్టి, దాని మీద తడి బట్టలన్నీ ఆరేసి ఉన్నాయి.

"అత్తయ్యా, ఇది..."

"ఊరికే నిలబెట్టారుగా. ఈ వానల్లో ఈ మాత్రం పనికైనా వస్తుంది."

నేను రోజూ బట్టలు తీసేదాన్ని, ఆవిడ రోజూ ఆరేసేది. ఒక్కమాట అనుకోలేదు ఇద్దరం.

అంతలో నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకునే మనిషి. "మీ ఇంట్లో పగలంతా ధబ్బు ధబ్బుమని ఏమిటమ్మా, నిద్ర లేక చస్తున్నాను," అంటూనే లోపలికొచ్చి, పైజమా మడిచి నేల తుడుస్తున్న నన్ను చూసి ఆగిపోయింది. నా పిక్కల మీద, మోకాళ్ళ లోపలివైపు నీలం, ఆకుపచ్చ మచ్చలు. నర్సమ్మ గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"ఇలా రా. కూర్చో. భయపడకుండా చెప్పు, ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదండీ. గొట్టం."

"గొట్టంతో కొట్టాడా!"

సెలవు రోజు కావడం మా ఆయన దురదృష్టం. తువ్వాలు భుజాన వేసుకుని అప్పుడే స్నానానికి బయల్దేరారు. నర్సమ్మ ఆయన ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"మనిషివేనా నువ్వు? ముఖం చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటావు!"

మా ఆయన తువ్వాలు వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. "నేనేం చేశానండీ? ఇంకా నీళ్ళు కూడా పోసుకోలేదు!"

మిషను చప్పుడు ఆగింది. "వాడు కాదమ్మా," అంది అత్తయ్య లోపల్నుంచి. "ఆ ఇనుమే కొడుతోంది. ఈవిడే వెళ్ళి కొట్టించుకుంటోంది."

నర్సమ్మకి చేసి చూపించాల్సి వచ్చింది. ఆవిడ ముందు సిగ్గుతో బిగుసుకుని, కాళ్ళతో గొట్టాన్ని కత్తెరలా బిగించి, కళ్ళు మూసుకుని లాగాను. కళ్ళు తెరిస్తే పరుపు కిందుంది. జారలేదు. మొదటిసారి నా బరువు నా చేతుల్లో నిలబడింది. నర్సమ్మ ముక్కున వేసుకున్న వేలు తీసి చప్పట్లు కొట్టింది. వెళ్ళేటప్పుడు, "మధ్యాహ్నం మాత్రం ఎక్కకు తల్లీ, నేను లేచాక ఎక్కు," అని ఒప్పందం చేసుకుంది. మా ఆయనకి మాత్రం క్షమాపణ చెప్పలేదు. "ఎందుకైనా మంచిది, జాగ్రత్తగా ఉండు," అని చూపుడు వేలు ఊపి మరీ వెళ్ళింది.

*

ఆ తర్వాత నాకు రెక్కలొచ్చినట్టే ఉంది. తిరగడం వచ్చింది. గొట్టం వైపున్న చెయ్యి పైన వేసి, నాలుగు అడుగులు చుట్టూ నడిచి, బయటి కాలు విసిరి గొట్టానికి మెలేస్తే, ఒళ్ళంతా తేలిపోయేది. కిటికీ, మిషను, అత్తయ్య, తలుపు, పిడుగు, మళ్ళీ కిటికీ, మిషను, అత్తయ్య. తిరిగిన ప్రతిసారీ అత్తయ్య కళ్ళు గుడ్డ మీదే ఉండేవి. అయితే సూది మాత్రం ఆగి ఉండేది.

వానలు పలచబడుతున్నాయి. వదిన ఫోను చేసి, పిల్లకి కొత్త దుప్పటి కొన్నానని చెప్పింది. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. పాత్రలు కడిగేసి నేరుగా గొట్టం దగ్గరికి వెళ్ళాను. పాకగలిగినంత పైకి పాకాలి, అంతే. పరుగున వచ్చి ఒక్క ఊపున రెండు చేతులూ పైకి వేశాను.

చేతుల కింద గొట్టమే లేనట్టయింది. సర్రుమని జారి, పరుపు అంచు మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద పడి, కాళ్ళు రెండూ మిషను కిందకి దూరేదాకా వెళ్ళి ఆగాను. వెనకనే నీళ్ళ బిందె దొర్లింది.

అరచేతులు చూసుకున్నాను. మెరుస్తున్నాయి. వాసన చూశాను. మిషను నూనె.

నాకేమనిపించిందో చెప్పకూడదు. కానీ అనిపించింది. ఆవిడే రాసిందని, నేను మానెయ్యాలనే రాసిందని. ఏడుపు గొంతు దాకా వచ్చింది. తలెత్తేసరికి అత్తయ్య వంటింటి గుమ్మంలో ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పడ్డావా? తల తగిలిందా? ఏదీ, వేళ్ళు కదిలించు," అని మోకాళ్ళ సంగతి మర్చిపోయి నా పక్కన చతికిలబడి, నా తలంతా తడిమింది. "అడుగున మర దగ్గర తుప్పు కనిపించిందమ్మాయ్. ఇంట్లో ఇనుముకి తుప్పు పడితే నాకు నిద్రపట్టదు. పొద్దున మిషనుకి వేస్తూ వేస్తూ, దీనికీ కాస్త... పైదాకా పాముకుంటూ వెళ్ళాను. నీ చేతులు జారతాయని బుర్రకి తట్టలేదు."

అత్తయ్య ఏ ఇనుముకి పడితే దానికి నూనె రాయదు. తన మిషను, తన కత్తెర, తన తలుపు బందులు. అద్దెకొచ్చినప్పుడు ఇంటాయన వదిలేసి వెళ్ళిన బీరువాకి ఇప్పటికీ ఒక్క చుక్క వేయలేదు. 'అది మనది కాదుగా' అంటుంది.

నీళ్ళలో కూర్చుని ఆవిడ మొహం చూస్తుంటే, గొంతు దాకా వచ్చిన ఏడుపు కాస్తా నవ్వయిపోయింది. ఆవిడ ముందు ఉలిక్కిపడి, తర్వాత మూతి బిగించి, ఆఖరికి తనూ నవ్వింది. ఇద్దరం నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతుంటే పిడుగు పరుగెత్తుకొచ్చి, నీళ్ళలో కూలబడి, "అమ్మా, మళ్ళీ!" అంది.

పడ్డాను. నాకేమీ కాలేదు. ఆ సంగతి పడుకున్నాక గాని నాకు తట్టలేదు.

సాయంత్రానికి అత్తయ్య గొట్టాన్ని సబ్బు పెట్టి కడిగి, పొడిగుడ్డతో కిరకిరమనేలా తుడిచింది. బట్టల తాడు విప్పేసింది. పొద్దున నేను లేచేసరికి మంచం మీద మడత పెట్టిన కొత్త నిక్కరు ఉంది. యూనిఫాం గుడ్డ, నీలం రంగు. లోపల మెత్తటి లైనింగు.

"గుడ్డకి గొట్టం పట్టు దొరకడం లేదు, చూస్తూనే ఉన్నాగా," అంది మిషను మీంచి తలెత్తకుండా. "ఇంట్లో వేసుకోవడానికి ఎవడికి జవాబు చెప్పాలి?"

అదే వారం ఇంకో పని పురమాయించింది. కుట్టిన యూనిఫాంల మూట కింద వీధి చివరి కొట్లో ఇచ్చి, కత్తిరించిన గుడ్డల మూట పైకి తేవాలి. అదివరకు కొట్టువాళ్ళ మనిషి వచ్చి తీసుకెళ్ళేవాడు. "అతను సరిగ్గా రావడం లేదు," అంది. మూట భుజాన వేసుకుని వెళ్ళాను, వచ్చాను. మర్నాడు ఇంకో మూట. అది మొదటిదానికంటే పెద్దది. ఒకరోజు మెట్ల దగ్గర ఆ కొట్టువాళ్ళ మనిషే ఎదురై, "మీ అత్తగారు నన్ను రావద్దన్నారేంటమ్మా?" అని అడిగాడు. నాకేం తెలుసని చెప్పను? గబగబా దిగిపోయాను.

*

వాన వెలిసిన ఒక ఉదయం వదిన వచ్చింది. మర్నాటి నుంచే బడి. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ, గొట్టాన్ని కింద నుంచి పైదాకా చూసింది. ఎర్రగుడ్డ దగ్గర ఆగింది.

"ఇదేనా నాన్న చెప్పింది? మరదలా, నిజంగా ఎక్కుతావా దీన్ని?"

"కప్పు తగిలేదాకా," అన్నారు మామయ్య, తను ఎక్కినంత గర్వంగా.

పిడుగు బట్టల సంచీ గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. రాత్రి నేనే సర్దాను. కొత్త గౌను, రెండు బొమ్మలు, చిన్న దువ్వెన. ఎవరూ ఏమీ మార్చలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సింది నేనని నాకు తెలుసు. టీ తాగడం అయిపోయింది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. వదిన లేచి, "రావే పిడుగూ," అని చేతులు చాపింది.

పిడుగు ఆవిడ వంక చూసి, నా వైపు తిరిగి, రెండు చేతులూ పైకి చాపింది.

"నేను దింపుతాను వదినా," అన్నాను.

గదిలో మిషను చప్పుడు ఆగింది. మామయ్య ఏదో అనబోతే, అత్తయ్య ఆయన వంక చూసింది. ఆయన గ్లాసులో లేని టీ తాగారు.

పాపని చంకనేసుకున్నాను. గడప దాటాను. వదిన ముందు దిగుతోంది, అడుగడుక్కీ వెనక్కి చూస్తూ. మెట్లింకా తడిగానే ఉన్నాయి. రెండో అంతస్తు మలుపు వచ్చింది. అక్కడ నా గుండె అదివరకటిలాగే గుభేలుమంది. అది మానలేదు, ఇప్పటికీ మానలేదు. ఒక చెయ్యి రెయిలింగు మీద వేశాను. అదీ గొట్టమే. వేళ్ళు వాటంతట అవే బిగుసుకున్నాయి. రెండో చెయ్యి పాప నడుం చుట్టూ ఉంది. పాప నా మెడలో మొహం పెట్టి ఏదో పాడుకుంటోంది. అప్పుడు తెలిసింది నాకు, పిల్ల మూట కంటే తేలిక.

నర్సమ్మ గుమ్మంలో నిలబడి, టూత్ బ్రష్ నోట్లో ఉండగానే చెయ్యి ఊపింది. కింద గేటు దాకా వెళ్ళాం. వీధిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. పిడుగుని దింపాను. అది ఆ నీళ్ళ వంక చూసి, నా మొహం చూసి, నేనేమీ అనకపోయేసరికి రెండు కాళ్ళతో గెంతింది. నా కొత్త చెప్పులు, వదిన బట్టలు అన్నీ బురదే. వదిన కెవ్వుమంది, నవ్వింది.

"సంచీ పైనే ఉండిపోయిందేంటి?" అని పైకి చూసింది. "అమ్మా! పిల్ల సంచీ!"

బాల్కనీలో ఎవరూ లేరు.

"నేను చూస్తానుండండి వదినా," అని పాపని మళ్ళీ ఎత్తుకున్నాను. బురద కాళ్ళతో అది నా నడుం చుట్టూ కత్తెర వేసింది. ఎక్కడం దిగడం కంటే సులువు. మధ్యలో ఆగలేదు. నా వెనక వదిన ఆయాసంతో, "ఏయ్, మళ్ళీ పైకెందుకే పిల్లతో! ఆగవే!" అంటూ ఎక్కుతూనే ఉంది.

గదిలో సంచీ తెరిచి ఉంది. అత్తయ్య చిన్న గౌన్లు ఒక్కొక్కటే దులిపి, మడతలు సరిచేసి, అలమారలో వాటి చోట్లో పెడుతోంది. నా వంక చూడలేదు. "పొద్దున్నే బడికి ఏ గౌను వేస్తావో, అది పైన పెట్టుకో. నన్ను వెతకమనకు," అంది.

"అలాగే అత్తయ్యా," అన్నాను.

వదిన వచ్చింది. సంచీ చూసింది, అలమార చూసింది, తల్లిని చూసింది, బురద కాళ్ళతో నా నడుమెక్కి కూర్చున్న పిడుగుని చూసింది. ఆవిడ మొహంలో మెల్లగా నవ్వు విచ్చుకుంది.

"మరి నేను కొన్న దుప్పటో?"

"సెలవులకి వస్తుందిలే నీ దగ్గరికి, దాచి ఉంచు," అంది అత్తయ్య.

"రెండుసార్లు మూడంతస్తులు ఎక్కించావు నన్ను, నా పని అయిపోయింది," అని వదిన నడుం పట్టుకుని, ఆధారం కోసం గొట్టం వైపు చెయ్యి చాపింది. మధ్యలోనే ఆగి, అనుమానంగా దాన్ని పైకీ కిందికీ చూసింది. "నాన్నా, ఇది నన్నాపుతుందా?"

"ఏనుగునాపుతుంది," అన్నారు మామయ్య.

అత్తయ్య ఆఖరి గౌను అలమారలో పెట్టి తలుపు మూసింది.

"పట్టుకో పట్టుకో," అంది. "నూనె రాయలేదులే."